బొట్టు పెట్టి చెప్పిన మాట

పోయిన నెల మా శ్రీనివాసు తెనాలిలో మా ఇంటికి వచ్చాడు. శ్రీనివాసు మా మావయ్య కొడుకు. మావయ్య అంటే అమ్మకి తోడబుట్టినవాడు కాదు, పెదనాన్న కొడుకు. కానీ ఇద్దరూ బాపట్ల దగ్గర పల్లెలో ఒకే వాకిట్లో పెరిగారు కాబట్టి మాకు తెలిసిన మావయ్య ఆయనొక్కడే. ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఊళ్ళో విగ్రహం పెడుతున్నారట, ఆ సందర్భంగా పుస్తకం వేస్తున్నారట, నేను కథలూ అవీ రాస్తాను కాబట్టి నాలుగు పేజీలు రాసివ్వాలట. "నాన్నకి నువ్వంటే ఎంత ఇష్టమో నీకు తెలీదొదినా," అన్నాడు. తెలుసు నాకు. కాఫీ తాగి, జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. ఎవరెవరు దేని గురించి రాయాలో అందులో ఉంది. నా పేరు పక్కన 'మాట తప్పని మనిషి' అని ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ వయసులో ఒళ్ళు మండితే ముందు బీపీ మాత్ర గుర్తొస్తుంది, అయినా మండింది. వాడి మొహం చూశాను. ఎగతాళేమీ లేదు, నిజంగానే నమ్మి తెచ్చాడు. వాళ్ళ నాన్న పోటీ చేసిన ఆ ఎన్నికలప్పుడు వాడు నిక్కర్లు వేసుకునే పిల్లాడు, వాడికి ఎవరు చెబుతారు? "రాస్తాన్లేరా," అన్నాను. రాస్తున్నాను. వాళ్ళు వేసుకుంటారో చించేస్తారో వాళ్ళిష్టం.

రైలు పట్టాలు అక్కడితో అయిపోయే ఊరు రేపల్లె. తెనాలి నుంచి వచ్చే పాసింజరు అక్కడికొచ్చి ఊపిరి పీల్చుకుని మళ్ళీ వెనక్కి పోయేది. నాన్న హైస్కూల్లో సోషల్ మాస్టారు. పొద్దున్నే పేపరు నాలుగు మడతలు పెట్టి, గడ్డం గీసుకుంటూనే రాజకీయాలన్నీ పైకి చదివేవారు, ఒక్కో వార్తకీ ఒక్కో తిట్టు జోడించి. ఎవరూ వినేవాళ్ళు కాదు. అమ్మ కుంపటి మీద కాఫీ డికాక్షన్ దించుతూ "ఊఁ" అనేది, అంతే. నోట్లో నాలుక లేని మనిషి అని నాన్న ఆవిడ గురించి వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. అదెంత పొరపాటో తర్వాత తెలిసింది ఆయనకి.

అమ్మకి ఊళ్ళో పేరు తెచ్చింది ఆవిడ కుంకుమ. బజార్లో కొన్నది ఆవిడ ఏనాడూ వాడలేదు. దుగ్గిరాల నుంచి మంచి పసుపు కొమ్ములు తెప్పించి, ముక్కలు చేసి, నిమ్మరసంలో పటికా వెలిగారం కలిపి నానేసేది. ఆ ముక్కలు నీడపట్టున పళ్ళాల్లో ఎండుతుంటే ఇల్లంతా పుల్లటి వాసన, ఘాటు వాసన కలిసి కొట్టేది. ఎర్రగా తిరిగాక రోట్లో దంచి, పాత వాయిల్ చీర ముక్కలో జల్లించి, చివర్లో రెండు చుక్కలు నెయ్యి వేసి మెదిపేది. నుదుట పెడితే చెమటకి కారదు, దురద పెట్టదు. మా వీధిలో ఎవరింట పెళ్ళయినా, సీమంతమైనా, పిలుపులకి అమ్మని తీసుకెళ్ళేవాళ్ళు, అమ్మ కుంకుమ భరిణెతో సహా.

ఈ పిలుపుల సంగతి ఇప్పటి పిల్లలకి చెప్పాలి కాబోలు. మా వైపు ఆడవాళ్ళని శుభకార్యానికి పిలవడమంటే కార్డిచ్చి పోవడం కాదు. తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని, ఒక్కరు కాకుండా ఇద్దరు ముత్తైదువులు బయల్దేరాలి. గడప దాటి లోపలికి వెళ్ళి, ఇంటావిడ నుదుట బొట్టు పెట్టి, "తప్పకుండా రావాలమ్మా" అనాలి. ఆవిడ బొట్టు పెట్టించుకుందంటే వస్తానని ఒప్పుకున్నట్టే. ఇక ఒంట్లో బాగోలేకపోయినా, మొగుడితో గొడవైనా, వెళ్ళి తీరాల్సిందే. పెద్ద పెద్ద తగాదాలున్న ఇళ్ళవాళ్ళు కూడా బొట్టు పెట్టించుకున్నందుకు వచ్చి, భోజనం చేసి, మాట్లాడకుండా వెళ్ళిపోవడం నేను కళ్ళారా చూశాను. మొగుడు పోయినవాళ్ళకి మాత్రం బొట్టు ఉండేది కాదు, నోటితో చెప్పి వచ్చేవాళ్ళు. ఆ చెప్పడంలో ఉండే చిన్నచూపు అప్పట్లో నాకు కనపడలేదు.

పద్దెనిమిదేళ్ళకే ఓటు అని కొత్తగా వచ్చిన ఏడు అది. నేను బాపట్లలో హాస్టల్లో ఉండి డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. మావయ్య అప్పటికి పదేళ్ళ బట్టీ ఒకటే పార్టీలో ఉన్నాడు. ఏ పార్టీ అని అడక్కండి, ఈ కథకి ఏ పార్టీ అయినా సరిపోతుంది. కాలువ చివరి పొలాలకి నీళ్ళు అందడం లేదని ఆయన రేపల్లెలో రైతులతో కలిసి ఎండలో కూర్చున్నాడు, లాకుల దగ్గర పోలీసులతో తోపులాటలో చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అవతలి పార్టీని ఆయన తిట్టిన తిట్లు మా నాన్న గడ్డం గీసుకుంటూ తిట్టే తిట్లకి నాలుగు రెట్లుండేవి. జనం ఆయన్ని నమ్మారంటే ఊరికే నమ్మలేదు. ఈసారి ఆయనే పోటీ అని తెలియగానే రేపల్లెలో స్వీట్లు పంచారు.

దసరా సెలవులకి నేను ఇంటికొచ్చిన మర్నాడే మావయ్య వచ్చాడు. నాన్న సర్కారు మాస్టారు, ప్రచారం చెయ్యకూడదు. మావయ్య సరాసరి వంటింటి గుమ్మంలోకి వచ్చి పీట మీద కూర్చున్నాడు.

"చెల్లాయ్, మీటింగులకి మగాళ్ళొస్తారు. ఆడాళ్ళ ఓటు ఎటు పోద్దో ఆ దేవుడికి కూడా తెలీదు. నువ్వు బొట్టు పెట్టి చెప్పావంటే కాదనేవాళ్ళు ఈ ఊళ్ళో లేరు."

"ఓటుకి బొట్టేంటన్నయ్యా? పెళ్ళా, పేరంటమా?" అంది అమ్మ.

"నాకు పెళ్ళికన్నా ఎక్కువేనే. అన్న కోసం ఆ మాత్రం చెయ్యవా?"

అమ్మ రెండు రోజులు ఆలోచించింది. మూడో రోజు తలంటుకుంది. పక్కింటి రాజ్యం పిన్నిని తోడు తీసుకుని, అరటిపళ్ళ బుట్ట నా చేతికిచ్చి బయల్దేరింది. పొద్దున కాఫీలయ్యాక మొదలుపెడితే వంటవేళ వరకు. వీధి తర్వాత వీధి, పది పదిహేను రోజుల్లో మూడొందల గడపలు తొక్కి ఉంటాం. ఎప్పుడూ మాట్లాడని అమ్మ ఒక్కటే మాట చెప్పేది. "మా అన్నయ్య నిలబడుతున్నాడు. మాట మీద నిలబడే మనిషి. నా మాటగా ఓటెయ్యండి." బొట్టు పెట్టేది, పండు చేతిలో పెట్టేది. చాలా ఇళ్ళలో మేం వచ్చేసరికి ఆడవాళ్ళు మొహం కడుక్కుని సిద్ధంగా ఉండేవాళ్ళు. వాళ్ళని ఓటడగడానికి ఇంతవరకు ఎవరూ వంటింటి దాకా రాలేదు మరి. నాకు గర్వంగా ఉండేది. బుట్ట బరువుకి చెయ్యి లాగేది కానీ గర్వంగా ఉండేది.

నామినేషన్లకి ఆఖరి గడువు రేపనగా ఆ కబురు వచ్చింది. పొద్దున నాన్న సగం గడ్డం మీద సబ్బు నురగ ఉండగానే పేపరు పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. ఆయన వంటింట్లోకి రావడమే వింత. "మీ అన్నయ్య అవతలి పార్టీలో చేరాడు. టిక్కెట్టు కూడా ఇచ్చేశారంట," అన్నారు. అమ్మ పాలగిన్నె దించబోతూ ఆగింది. పాలు పొంగి కుంపట్లో పడ్డాయి. ఆవిడ చేతిలో పాలు పొంగి పోవడం నేనెరిగినంతలో అదే మొదటిసారి.

"తప్పు రాసుంటారు," అంది.

తప్పు రాయలేదు. ఫోటో కూడా ఉంది. ఎవరినైతే పదేళ్ళు దొంగలన్నాడో వాళ్ళ మధ్యలో దండ వేసుకుని నవ్వుతున్నాడు. మధ్యాహ్నానికి ఊరు అట్టుడికిపోయింది. బస్టాండు దగ్గర దిష్టిబొమ్మకి చొక్కా తొడిగి, చెప్పుల దండ వేసి, ఊరేగించి కాల్చారు. ఆ చొక్కా ఆయన వేసుకునే రకం తెల్ల చొక్కాయే, ఎవరో మంచిదే తెచ్చిచ్చారు. తెనాలిలో ఆయన పాత పార్టీ ఆఫీసు ముందు జనం గుంపుగా చేరి ఆయన కటౌటుని నరికి కాలవలో పడేశారని సాయంత్రం పాసింజరు దిగినవాళ్ళు చెప్పారు. సెలవులైపోయినా నేను అమ్మ వెంట బుట్ట మోస్తూ ఉండిపోయాను కానీ, బాపట్లలో మా కాలేజీ పిల్లలు క్లాసులు మానేసి రోడ్డు మీద కూర్చున్నారట. కాలువ కింద రైతులైతే ఆయనతో లాకుల దగ్గర దెబ్బలు తిన్న జాగాలోనే ఆయన పేరు పెట్టి పిండం పెట్టారు. ఇవన్నీ నేను వింటూ ఎంత సంతోషించానో చెప్పలేను. ఇంత కోపమున్న జనం ఉన్నారు, ఇక ఆయన బతికి బట్టకట్టలేడు అనుకున్నాను.

గోడల మీద రాతలు రాసే పెయింటరు మాత్రం తాపీగా పని చేసుకుపోయాడు. మా వీధి మొదట్లో గోడ మీద ఆయన పేరు నిలువెత్తు అక్షరాల్లో ఉండేది, కింద గుర్తు. పెయింటరు ఆ గుర్తు మీద ఒక్క పూత సున్నం కొట్టి, ఆరాక కొత్త గుర్తు వేశాడు. పేరు జోలికి పోలేదు. 'మీ అభ్యర్థి' అన్నది కూడా అలాగే ఉంచాడు. నిలబడి చూస్తున్న నాతో, "పని తగ్గిందమ్మాయ్," అన్నాడు నవ్వుతూ. వాడి మీద కోపమెందుకు, వాడు గోడకి సున్నం కొట్టాడు, అంతే.

అమ్మ ఆ రోజూ వంట చేసింది, వడ్డించింది. మర్నాడు పొద్దున్నుంచీ ఆడవాళ్ళు రావడం మొదలుపెట్టారు. వాళ్ళు తిట్టడానికి వస్తారని నేను గుమ్మంలోనే నిలబడ్డాను. తిట్టినా బాగుండేది. ముందుగా వచ్చింది కిరాణా కొట్టు వాళ్ళ కోడలు సుగుణ.

"వదినగారూ, మా ఆయన నిప్పులు కక్కుతున్నాడండి, ఆ మనిషికి ఓటేస్తే ఊరుకోనంటున్నాడు. మరి మీ దగ్గర బొట్టు పెట్టించుకున్నాను గదా. ఇప్పుడెట్టాగండి?"

అమ్మకి అర్థం కాలేదు. "ఎట్టాగేంటమ్మా?"

"బొట్టు పెట్టించుకుని వెయ్యకపోతే మంచిది కాదు గదండి. పిల్లలున్నవాళ్ళం. పార్టీ మారినా మనిషి ఆయనే గదా. మీరు మీ అన్నయ్య కోసమనే చెప్పారు, పార్టీ కోసమని చెప్పలేదు."

సుగుణ ఒక్కతే కాదు. వచ్చినవాళ్ళందరిదీ ఇదే బాధ. వీధిలో మగవాళ్ళు దిష్టిబొమ్మలు కాలుస్తుంటే లోపల ఆడవాళ్ళు బొట్టుకి కట్టుబడి కూర్చున్నారు. ఇష్టం లేకపోయినా, అసహ్యం వేసినా, వేసి తీరాలనుకుంటున్నారు. అప్పుడు అమ్మకి తల కొట్టేసినట్టయింది. మావయ్య వంటింట్లో పీట మీద కూర్చుని పార్టీ పేరు ఒక్కసారైనా ఎత్తలేదని అప్పుడు గుర్తొచ్చింది మాకు. "అన్న కోసం" అన్నాడు. అప్పటికే అవతలి వాళ్ళతో మాటలు అయిపోయి ఉన్నాయని తర్వాత తెలిసింది. తెలిసే వచ్చాడు. చెల్లెలి కుంకుమ ఎంత గట్టిగా అంటుకుంటుందో తెలిసే వచ్చి కూర్చున్నాడు. నేను ఆయన్ని ఇంతవరకు క్షమించనిది ఇందుకే. పార్టీలు చాలామంది మారారు.

పెట్టిన బొట్టు వెనక్కి తీసుకోవడమెలా? పిలుపులు ఇన్ని చేసిన అమ్మకి కూడా తెలియదు. అలాంటి పద్ధతే లేదు. తుడిచెయ్యమని ముత్తైదువకి చెప్పకూడదు, ఆ మాటే నోట రాకూడదు. ఎదురింటి మాణిక్యమ్మ గారు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఆవిడ చిన్నప్పుడే మొగుడు పోయిన మనిషి, నోరు మహా పెద్దది. అమ్మ ఆవిడకి బొట్టు పెట్టకుండా నోటితో చెప్పి వచ్చింది.

"నాకు బొట్టు పెట్టలేదుగా నువ్వు. ఇప్పుడు ఊళ్ళో వాణ్ణి హాయిగా తిట్టుకోగల ఆడది నేనొక్కదాన్నే," అన్నారావిడ.

అమ్మ ఏడుపు మొహంతోనే నవ్వింది. "మీరే ఏదో దారి చెప్పండి పిన్నిగారూ."

"దారేముందే? పిలిచిన పేరంటం ఎప్పుడు ఆగిద్ది? పిలిచినవాళ్ళకి మైల పడితే ఆగిద్ది. చావు కబురొస్తే బొట్టు చెల్లదు."

ఆవిడ తన ధోరణిలో అన్నదో, కావాలనే అన్నదో ఇప్పటికీ నాకు తెలియదు. అమ్మ మాత్రం ఉన్నపళాన లేచి పెరట్లోకి వెళ్ళింది. బావిలోంచి నీళ్ళు తోడి, కట్టుకున్న చీరతోనే, జుట్టు ముడి విప్పి నెత్తి మీద కుమ్మరించుకుంది. బకెట్టు మీద బకెట్టు. నాన్న తువ్వాలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు.

"ఏంటే ఇది? బతికున్న మనిషికి స్నానం చేస్తారటే?"

"బతికున్నాడని మీరంటున్నారు," అంది అమ్మ.

తడిసిన జుట్టు విరబోసుకుని, తోడుగా ఎవరినీ తీసుకోకుండా, భరిణె ముట్టుకోకుండా వీధిలోకి వెళ్ళింది. చావు కబురు చెప్పేవాళ్ళు గడప తొక్కరు, బయట నిలబడి చెప్పి వెళ్ళిపోతారు. అమ్మ అలాగే ఒక్కో ఇంటి ముందూ నిలబడింది. "నేను మీకు చెప్పిన మనిషి లేడమ్మా. నేను పెట్టిన బొట్టు చెల్లదు. మీ ఓటు మీ ఇష్టం." ఇంకొక్క మాట లేదు. నేను వెనకాలే వెళ్ళాను. ఇంటాయన ఎవరో కంగారుగా, "ఎవరు పోయారమ్మా?" అని అడిగితే, వాళ్ళావిడ ఆయన్ని లోపలికి లాగి, అమ్మకి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. మూడొందల గడపలూ మళ్ళీ తిరగడానికి నాలుగు రోజులు పట్టింది. రోజూ పొద్దున ఆ స్నానం. జ్వరం తెచ్చుకుంది.

ఈ కబురు బాపట్ల వైపు వెళ్ళకుండా ఉంటుందా? అయిదో రోజు మావయ్య తల్లి, అంటే అమ్మకి పెద్దమ్మ, బస్సు దిగి వచ్చింది. తల్లి లేని అమ్మని చిన్నప్పుడు ఒళ్ళో వేసుకుని పెంచింది ఆవిడే. గుమ్మంలోనే కూలబడిపోయింది.

"నా కొడుకు బతికుండగా నీళ్ళు పోసుకుంటావటే? వాడు నీకేం తక్కువ చేశాడే? నీ పెళ్ళికి పీటల మీద కూర్చోబెట్టింది వాడు కాదటే?"

అమ్మ ఆవిడ కాళ్ళు పట్టుకుంది. వెక్కి వెక్కి ఏడ్చింది. "నన్ను కొట్టు పెద్దమ్మా, తిట్టు. ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోలేను. మూడొందల ఇళ్ళలో నా మాట పోయింది." పెద్దమ్మమ్మ మా ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగకుండా లేచి వెళ్ళిపోయింది. నాన్న బస్టాండు దాకా వెనకాలే వెళ్ళి, బస్సెక్కించి వచ్చారు. ఆ రోజుతో అమ్మకి పుట్టిల్లు పోయింది. ఆ పెద్దమ్మమ్మ పోయినప్పుడు కూడా అమ్మకి కబురు పెట్టలేదు. వాళ్ళూ వీళ్ళూ చెప్పుకుంటుంటే తెలిసింది.

ఇక జనం సంగతి. దిష్టిబొమ్మలు కాల్చిన జనం, పిండం పెట్టిన జనం, కటౌటు నరికిన జనం. పోలింగు ఇంకా వారం రోజులుందనగా మావయ్య ఓపెన్ టాప్ జీపు మీద మా వీధిలోకి వచ్చాడు. చెయ్యి ఎత్తి నమస్కారం పెట్టాడు. "మీ కాలవ నీళ్ళ కోసమే మారాను, అధికారంలోకి వచ్చే పార్టీలో ఉంటేనే నీళ్ళొస్తాయి," అన్నాడు. అంతే, ఒకడు దండ వేశాడు. వాడు వేశాడని ఇంకొకడు వేశాడు. బస్టాండు దగ్గర చొక్కా తెచ్చిచ్చినవాడు జీపు ముందు డప్పుకి చిందులేస్తుంటే నేను కిటికీలోంచి చూశాను. పదిహేను రోజులు కూడా నిలవలేదు వాళ్ళ కోపం. నిజంగా కోపమే వచ్చిందా, కాలక్షేపం దొరికిందని సంబరపడ్డారా అని నాకిప్పటికీ అనుమానం. ఆయన గెలిచాడు. బాగానే గెలిచాడు. కాలువ చివరికి నీళ్ళు మాత్రం రాలేదు, ఆ ఏడూ రాలేదు, పై ఏడూ రాలేదు.

ఇప్పుడైతే ఆ నాలుగు రోజుల కోపం కూడా లేదు. పొద్దున ఒక కండువా, సాయంత్రం ఇంకో కండువా. ఫోన్లో చూసి, "మనోడు మంచి టైములో దూకాడ్రా," అని మెచ్చుకుంటున్నారు. మా అపార్టుమెంటులో చదువుకున్నవాళ్ళే, లిఫ్టులో నిలబడి, ఎవరు ఎటు దూకితే లాభమో లెక్కలు వేసి చెబుతుంటారు. మాట ఇచ్చాడు కదండీ అని నేనొకసారి అంటే, పాపం పెద్దావిడ అన్నట్టు చూశారు. అప్పటి జనం ఉత్తుత్తి కోపమే పడ్డారనుకున్నా, కోపపడాలని వాళ్ళకి తెలుసు. చెప్పుల దండ కుట్టడానికి ఓపిక ఉంది. మూడొందల మంది ఆడవాళ్ళు చిటికెడు కుంకుమకి కట్టుబడి భయపడ్డారు. ఆ భయాన్ని వాడుకున్నవాడికి విగ్రహం పెడుతున్నారు.

ఆరేడేళ్ళు గడిచాక మావయ్య మళ్ళీ తన పాత పార్టీలోకే వచ్చేశాడు. అప్పటికి నేను తెనాలి దగ్గర హైస్కూల్లో టీచరుగా చేరాను. వాళ్ళ పెద్దమ్మాయి పెళ్ళి కుదిరింది. అన్ని పార్టీలవాళ్ళూ వస్తున్న పెళ్ళి, చెల్లెలొక్కతే రాకపోతే ఏం బాగుంటుందనుకున్నారో ఏమో, మా అత్తయ్య తోడుగా ఇంకొకావిడని తీసుకుని రేపల్లె వచ్చింది. ఆ ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను. అమ్మ ఎదురెళ్ళి లోపలికి తీసుకొచ్చింది, చాప వేసింది. అత్తయ్య భరిణె తీస్తే తల వంచి బొట్టు పెట్టించుకుంది. "తప్పకుండా రావాలి వదినా," అంటే, "అట్టాగే," అంది. నాన్న ఆనందపడిపోయారు. గొడవ సమసిపోయిందనుకున్నారు.

పెళ్ళి రోజు పొద్దున పదిన్నరకి ముహూర్తం. నేనూ సెలవు పెట్టి వచ్చాను. నాన్న పంచె కట్టుకుని సిద్ధమయ్యారు. అమ్మ మామూలు నేతచీరతో వంటింట్లో గోంగూర వలుస్తోంది. నాన్న గడియారం వంకా అమ్మ వంకా చూసి చూసి, చివరికి విసుక్కుంటూ ఒక్కరే బస్టాండుకి వెళ్ళిపోయారు. బొట్టు పెట్టించుకుని అమ్మ వెళ్ళని కార్యం జన్మకి అదొక్కటే. పదిన్నర దాటాక లేచి, చేతులు కడుక్కుని, మా ఇద్దరికీ పెందలాడే అన్నం వడ్డించింది.

"ఒప్పుకున్నావుగా అమ్మా?" అన్నాను.

"ఒప్పుకున్నాను. ఒప్పుకుని రాకపోతే ఎట్టా ఉంటదో వాడికీ తెలియాలిగా," అంది. రెండు ముద్దలు తిన్నాక మళ్ళీ తనే అంది, ఎంతో తృప్తిగా. "వాడు గెలిస్తే గెలిచాడు. మన గడపలోంచి వాడికి ఒక్క ఓటు పోలేదు. నాకది చాలు."

నేను మజ్జిగ గిన్నె అందుకుని అన్నంలో పోసుకున్నాను. తల ఎత్తలేదు.

ఆ ఎన్నికలకి వారం ముందు, మావయ్య మా వీధిలోకి జీపు మీద వచ్చిన మర్నాడే, నేను బాపట్ల హాస్టలుకి వెళ్ళాను. ఆయన అక్కడికి వచ్చాడు. అమ్మ గురించి ఒక్క మాట ఎత్తలేదు. "డిగ్రీ అయ్యాక ఏం చేద్దామనుకుంటున్నావమ్మా?" అని అడిగాడు. టీచరు ట్రైనింగు అన్నాను. నిలబడ్డచోటే ఉత్తరం రాసిచ్చాడు, తనకి తెలిసిన కాలేజీవాళ్ళకి. ఓటడగలేదు. నెత్తి మీద చెయ్యి వేసి వెళ్ళిపోయాడు. పోలింగుకి మళ్ళీ రేపల్లె వచ్చాను, అమ్మా నేనూ ఒకే వరసలో నిలబడ్డాం. అమ్మ వేసి వచ్చి, నా వంతు అయ్యేదాకా బయట ఎండలో నిలబడింది. నాకది మొదటి ఓటు. లోపల ముద్ర చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను, బయట అమ్మ కాళ్ళు లాగుతుంటాయని తెలుసు. అయినా మావయ్య గుర్తు మీదే గుద్దాను. మడిచి డబ్బాలో వేసి బయటికి వచ్చాను. సీటు వచ్చింది, ఉద్యోగం వచ్చింది, ఇప్పుడు పెన్షను వస్తోంది.

అమ్మ పోయేవరకు ఆ మాట అంటూనే ఉంది, వచ్చినవాళ్ళందరితో, నా భుజం మీద చెయ్యి వేసి మరీ. "మా ఇంట్లోంచి ఒక్క ఓటు పోలేదమ్మా." నేను ప్రతిసారీ నవ్వాను.